పర్సులో కోర్టు కాగితం: ఫ్లోరిడాలో ఒక ఓటు హక్కు కేసు

ఈ కేసు 2022 అక్టోబరులో నా దగ్గరికి వచ్చి 2024 నవంబరు ఎన్నికల దాకా నడిచింది. పాత శిక్షల వల్ల ఓటు పోయిన ఒకావిడ కేసు, ఫీజు తీసుకోనిది. క్లయింటు సరేనన్నాకే రాస్తున్నాను. కౌంటీల పేర్లు, దుకాణం వివరాలు, ఆమె కుటుంబం సంగతులు తీసేశాను. కొన్ని తేదీలూ అంకెలూ మార్చాను. కానీ ఎంతలోంచి ఎంత పోతే ఎంత మిగిలిందన్న లెక్క మాత్రం చెడకుండా చూశాను. ఈ కేసంతా ఆ తీసివేతల్లోనే ఉంది.

ఇక్కడ లా చదువుతున్న మన పిల్లలు, ఇమిగ్రేషన్ ఆఫీసుల్లో పారాలీగల్‌గా పనిచేసేవాళ్ళు ఇలాంటి కేసులు తమ దాకా రావనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నా పని ఎక్కువగా ఆస్తి తగాదాలు, వీలునామాలు. ఒక సాయంత్రం తెలిసినవాళ్ళింటి నుంచి ఫోన్ వచ్చింది. "అక్కా, అమ్మను చూసుకునే ఆవిడ రెండు రోజులుగా ఏడుస్తోంది. ఓటరు కార్డు వెనక్కిచ్చేస్తే జైల్లో పెట్టరు కదా అని అడుగుతోంది. నాకేం అర్థం కావట్లేదు. ఒక్కసారి మాట్లాడవా?"

ఆమెకు అరవై దాటాయి. ఇళ్ళకు వెళ్ళి పెద్దవాళ్ళను చూసుకునే పని. ఆ ఇంట్లో పెద్దావిడకు తెలుగు తప్ప మరో భాష రాదు. ఈమెకు "నొప్పా?", "చాలా?" అన్న రెండు మాటలు తప్ప తెలుగు రాదు. ఇద్దరికీ బాగా కుదిరింది.

కార్డు ఎందుకు భయపెట్టింది

ఆమె భయం అర్థం కావాలంటే ముందు చట్టం సంగతి చెప్పాలి. ఇండియాలో చదువుకుని వచ్చిన మనకు ఇక్కడో చిక్కుంది. మన 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62(5) సెక్షన్ ప్రకారం జైల్లో ఉన్నంతకాలం ఓటు వేయడానికి లేదు. విచారణ ఖైదీలకూ అంతే. బయటికొస్తే వేయొచ్చు. శిక్ష పడిన కొన్ని నేరాలు పోటీ చేయడానికి అడ్డొస్తాయి కానీ, కొన్ని ఎన్నికల నేరాలు తప్ప, విడుదలయ్యాక ఓటుకు అడ్డు రావు. అమెరికాలో రాష్ట్రానికో తీరు. మెయిన్, వెర్మాంట్‌లలో జైల్లోంచి కూడా ఓటేస్తారు. న్యూజెర్సీలో 2020 నుంచి జైలు బయట ఉంటే చాలు, ప్రొబేషన్ (జైలుకు బదులు షరతుల మీద బయట ఉంచే శిక్ష) నడుస్తున్నా ఓటుంది. టెక్సస్, జార్జియాలలో ప్రొబేషన్‌తో సహా శిక్ష పూర్తి కావాలి. వర్జీనియాలో గవర్నరు ఒక్కొక్కరికీ విడిగా హక్కు తిరిగివ్వాలి.

ఫ్లోరిడాలో ఫెలనీ, అంటే పెద్ద నేరం కింద శిక్ష పడితే ఓటు పోయేది. తిరిగి రావాలంటే గవర్నరు, క్యాబినెట్ కూర్చునే క్షమాభిక్ష బోర్డు దయ తలచాలి. 2018 నవంబరు 6న ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగానికి నాలుగో సవరణ అనే ప్రతిపాదనను 64 శాతానికి పైగా మద్దతుతో గెలిపించి ఆ పద్ధతిని మార్చారు. హత్య, లైంగిక నేరాల్లో శిక్ష పడినవాళ్ళు తప్ప, "శిక్షలోని అన్ని షరతులూ" పూర్తిచేసిన వాళ్ళందరికీ ఓటు తిరిగొస్తుందన్నది దాని సారం. అది దాదాపు 14 లక్షల మందికి సంబంధించిన మాట. 2019 జనవరి 8న అమల్లోకి వచ్చింది. మా క్లయింటు ఆ మార్చిలోనే ఫారం నింపింది. కార్డు వచ్చింది.

జులై 1 నుంచి మరో చట్టం వచ్చింది. శిక్ష విధించిన కాగితంలో రాసిన జరిమానాలు, కోర్టు ఖర్చులు, బాధితులకు కట్టాల్సిన నష్టపరిహారం కూడా తీర్చేదాకా "అన్ని షరతులూ" పూర్తయినట్టు కాదని అది చెప్పింది. దాని మీద ఫెడరల్ కోర్టులో పెద్ద పోరాటమే నడిచింది. జడ్జి రాబర్ట్ హింకిల్ 2020 మేలో దాన్ని డబ్బు కడితే ఓటు అనే పద్ధతిగా పేర్కొంటూ చాలావరకు కొట్టేశారు. ఆ సెప్టెంబరు 11న పదకొండో సర్క్యూట్ అప్పీలు కోర్టు 6–4 తేడాతో ఆ తీర్పును తిప్పేసింది. హింకిల్ తీర్పులోని ఒక వివరం నా బల్ల దగ్గర అతికించుకున్నాను. ఒక ప్రొఫెసరు, ఆయన పరిశోధక విద్యార్థులు కలిసి 153 మంది బాకీల వివరాల కోసం ఎంతో కాలం వెతికారు. ముగ్గురి విషయంలో తప్ప మిగతా అందరి విషయంలోనూ ఒక రికార్డుకూ మరో రికార్డుకూ పొంతన కుదరలేదు. ఎవరు ఎంత బాకీ ఉన్నారో చెప్పగల పుస్తకం రాష్ట్రంలో ఎక్కడా లేదు.

కొత్త చట్టం గురించి విన్నాక ఆమె ఓటేయడం మానేసింది. కార్డును బైబిల్లో పెట్టి దాచుకుంది. 2022 ఆగస్టు 18న, అర్హత లేకుండా ఓటేశారంటూ 20 మంది మీద కేసులు పెట్టినట్టు గవర్నరు ప్రకటించారు. వాళ్ళలో కొందరికి ఓటరు కార్డులు ఇచ్చింది ప్రభుత్వమే. ఆ అరెస్టుల వీడియోలు అక్టోబరులో టీవీల్లో వచ్చాయి. ఇంటి ముందు చేతులు వెనక్కి కట్టించుకున్న మనిషి, ఓటేసినందుకా అని నమ్మలేక అడగడం ఆమె చూసింది. ఫోన్ వచ్చింది ఆ వారంలోనే.

అంటే ఆమె "నేను ఓటేయొచ్చా?" అని అడగడానికి రాలేదు. "ఈ కార్డు నా ఇంట్లో ఉంటే పట్టుకుపోతారా?" అని అడగడానికి వచ్చింది. ఈ తేడా చిన్నది కాదు. మొదటి ప్రశ్నకు జవాబు వెతకబోతే రెండో ప్రశ్న దగ్గరే మనిషి కుప్పకూలిపోతుంది.

మొదటి నిర్ణయం

కార్డు రద్దు చేయించమంటే ఆమెకు ఆ రాత్రి నిద్ర పట్టేది. నాకూ పని తప్పేది. కానీ అలా చెప్పలేదు. 2019 జనవరి 8 నుంచి జులై 1 లోపు, తమకు హక్కు తిరిగొచ్చిందని నమ్మి ఫారం మీద అలా ప్రమాణం చేసినవాళ్ళ మీద ఆ ప్రమాణం విషయంలో కేసు పెట్టకూడదని కొత్త చట్టంలోనే రాసి ఉంది. ఆమె నమోదైన తేదీ సరిగ్గా ఆ మధ్యలో పడింది. ఒక్కసారి కూడా ఓటేయలేదు. కాబట్టి కార్డు ఉన్నంత మాత్రాన ప్రమాదం లేదు. ప్రమాదం ఓటేయడంలో ఉంది.

ఆ నవంబరులో ఓటేయొద్దని చెప్పాను. ఆ మాట చెప్పడం నాకు కష్టమైంది. మూడు వారాల్లో ఎన్నికలు. ఆమెకు హక్కు ఉండి ఉండొచ్చు కూడా. కానీ "ఉండి ఉండొచ్చు" అన్నది నా అంచనా. అది తప్పైతే కోర్టు మెట్లెక్కాల్సింది ఆమె. అర్హత లేదని తెలిసి ఓటేస్తే అది మళ్ళీ ఫెలనీయే. "తెలిసి" అన్న మాట మనల్ని కాపాడుతుందని వాదించొచ్చు. ఆ వాదన గెలిచేది అరెస్టయ్యాకే. ఆమె తలూపి, "ఎదురుచూడడం నాకు అలవాటే" అంది.

డాకెట్ చెప్పినదీ, ఫైలు చెప్పినదీ

ఆమె జ్ఞాపకం ప్రకారం రెండు కేసులు. 1997లో ఒక కౌంటీలో, పనిచేస్తున్న దుకాణం గల్లాపెట్టెలోంచి డబ్బు తీసిన కేసు. 2004లో ఇంకో కౌంటీలో, కొకైన్ దగ్గర పెట్టుకున్న కేసు. వేరే రాష్ట్రంలో ఏమీ లేవు. హత్య, లైంగిక నేరం ఊసే లేదు. ముందు క్షమాభిక్ష రికార్డు వెతికాను. 2007 నుంచి 2011 దాకా ఉన్న నియమాల కింద చాలామందికి దరఖాస్తు, విచారణ లేకుండానే హక్కులు తిరిగొచ్చాయి. కొందరికి ఆ సర్టిఫికెట్ పాత చిరునామాకు వెళ్ళి తిరిగి వెళ్ళిపోయింది. అలాంటిది దొరికితే కథ అక్కడితో అయిపోయేది. దొరకలేదు. ఆ నియమాలకు కూడా నష్టపరిహారం తీరి ఉండాలి.

1997 కేసు ఆన్‌లైన్ డాకెట్ (కేసులో ఏమేం జరిగిందో చూపే కోర్టు పట్టిక) తెరిచాను. "అడ్జుడికేషన్ విత్‌హెల్డ్" అని ఉంది. ఫ్లోరిడాలో ఈ మాటకు చాలా విలువుంది. తప్పు ఒప్పుకున్నా, జడ్జి దోషిగా ప్రకటించకుండా ఆపి ప్రొబేషన్ మాత్రం వేస్తే, ఓటు విషయంలో అది శిక్ష పడినట్టు కాదు. హక్కు పోనే లేదు, తిరిగి రావాల్సిన అవసరమూ లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమెకు ఫోన్ చేసి "పెద్ద కేసు తీసి పక్కన పెట్టేయొచ్చు" అన్నాను.

అది నేను చేసిన మొదటి తప్పు. నాలుగు వారాల తర్వాత సర్టిఫైడ్ కాపీలు వచ్చాయి. మైక్రోఫిల్మ్ నుంచి తీసిన మసక పేజీలు. 1999 తేదీతో మరో కాగితం కూడా అందులో ఉంది. ప్రొబేషన్ షరతు తప్పినందుకు ప్రొబేషన్ రద్దు చేసి, ఆమెను దోషిగా ప్రకటించి, కౌంటీ జైలుకు పంపుతూ ఇచ్చిన ఉత్తర్వు. మిగిలిన నష్టపరిహారాన్ని సివిల్ లీన్‌గా, అంటే ఆస్తి మీద నమోదయ్యే బాకీగా మార్చారు. పాత కేసుల్లో మొదటి ఫలితం ఒక్కటే తెర మీదికి ఎక్కింది, తర్వాతది ఎక్కలేదు. ఆమెను అడిగితే జైలుకెళ్ళడం గుర్తుంది కానీ, అది "అదే కేసు" అని ఆమె అనుకోలేదు. మత్తుమందులకు అలవాటు పడి పరీక్షలో దొరికినందుకు వేశారనుకుంది.

శుభవార్త చెప్పి నెల తిరక్కుండా దాన్ని వెనక్కి తీసుకున్నాను. ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

2004 కేసు: 241 డాలర్ల ప్రశ్న

చిన్నదే అయినా ఇలాంటి కేసులు పట్టేవాళ్ళకు రోజూ ఎదురయ్యే చిక్కు ఇందులోనే ఉంది.

శిక్ష కాగితం మీద రాసిన మొత్తం 683 డాలర్లు. ప్రొబేషన్ 2006లోనే ముగిసింది. డబ్బు తీరక బాకీ వసూలు కంపెనీకి వెళ్ళింది. ఆ కంపెనీ రుసుము, వాయిదాల పథకం రుసుము, ఇంకేవో కలిసి మరో 348 ఎక్కాయి. మొత్తం 1,031. ఇన్నేళ్ళలో ఆమె కట్టింది 790. కోర్టు డబ్బు లెక్కలు చూసే క్లర్కు ఆఫీసు లెక్కలో ఇంకా 241 బాకీ.

చట్టం అడిగేది శిక్ష కాగితం మీదున్న 683 మాత్రమే. తర్వాత ఎక్కినవి ఓటుకు లెక్కలోకి రావు. మరి ఆమె కట్టిన 790 దేనికి జమ అయింది? కట్టిన ప్రతి డాలరునూ ముందు అసలుకే జమ వేసుకుంటే, అసలు ఎప్పుడో తీరిపోయింది. క్లర్కు పుస్తకంలో జమ పడిన తీరుగా చూస్తే, కొంత రుసుములకు పోయి అసలులో ఇంకా బాకీ ఉంది. ఫెడరల్ కేసు నడుస్తున్నప్పుడు మొదటి పద్ధతినే పాటిస్తామని రాష్ట్రం చెప్పింది, అప్పీలు తీర్పులోనూ ఆ సంగతి ఉంది. కాబట్టి నా చేతిలో బలమైన వాదన ఉంది.

అయినా కట్టేయమని చెప్పాను. నాతో పనిచేసే కుర్రాడు దీనికి ఒప్పుకోలేదు. "కట్టక్కర్లేని డబ్బు కట్టమంటున్నారు, అది తప్పుడు లెక్కకు తలొంచడం కదా మేడమ్" అన్నాడు. మాట నిజమే. కానీ కోర్టులో ఒప్పుకున్న విధానం వేరు, చట్టంలో రాసిన అక్షరం వేరు. విధానం రేపు మారొచ్చు. 241 డాలర్లకు ఆ సందేహాన్ని చెరిపేసే అవకాశం ఉన్నప్పుడు, ఒక సూత్రాన్ని గెలిపించే బరువు అరవై దాటిన మనిషి మెడకు తగిలించడం నాకు న్యాయంగా అనిపించలేదు. బాకీ రెండు వేలుంటే నా జవాబు వేరుగా ఉండేది. అప్పుడు వాదించేదాన్నే.

ఒక పని మాత్రం ముందు చేశాం. వసూలు కంపెనీకి కట్టకుండా, ఖాతాను వెనక్కి తెప్పించమని క్లర్కు ఆఫీసును అడిగాం. ఒప్పుకున్నారు. లేకపోతే కట్టే ప్రతి వాయిదా మీదా మళ్ళీ వాళ్ళ వాటా పోయేది. మూడు వాయిదాల్లో తీరింది. బాకీ సున్నా అని ముద్ర వేసిన కాగితం తీసుకున్నాం.

1997 కేసు: ఓడిన మోషన్

నష్టపరిహారం 2,840 డాలర్లు. కోర్టు ఖర్చులు అప్పుడే కట్టేసింది. క్లర్కు రికార్డులో నష్టపరిహారానికి జమ సున్నా, అందుకే 1999లో లీన్ మొత్తం సొమ్ముకూ పడింది. సివిల్ లీన్‌గా మారినంత మాత్రాన తీరినట్టు కాదని 2019 చట్టం విడమరిచి చెప్పింది. తీరే దారులు కూడా అందులోనే ఉన్నాయి. పూర్తిగా కట్టడం ఒకటి. డబ్బు రావాల్సినవాళ్ళు ఒప్పుకుంటే, నిండు కోర్టులో గానీ నోటరీ చేసిన పత్రంతో గానీ, జడ్జి ఆ బాధ్యతను రద్దు చేయడం మరొకటి. చట్టం అడ్డురాని చోట సమాజసేవ గంటలుగా మార్చడం ఇంకొకటి. ఇవి గాక, ఆ షరతు ఇక అక్కర్లేదని జడ్జి మొదటి శిక్ష ఉత్తర్వునే సవరిస్తే అదీ చెల్లుతుంది.

సమాజసేవ దారి నేను వదిలేశాను. 2018లో నాలుగో సవరణ గెలిచిన రోజే, అదే బ్యాలెట్ మీద, బాధితుల హక్కుల సవరణ కూడా గెలిచింది. పూర్తి నష్టపరిహారం పొందే హక్కు బాధితులకు రాజ్యాంగంలోకెక్కింది. బాధితుల డబ్బును గంటలుగా మార్చడానికి జడ్జి వెనకాడతారు. వెనకాడడం సబబే అనుకుంటాను.

దుకాణం ఎప్పుడో మూసేశారు. రాష్ట్ర కంపెనీల రిజిస్టరులో అదే పేరుతో ఒక కంపెనీ కనిపించింది, 2001లో రద్దయింది. డబ్బు తీసుకోవాల్సినవాళ్ళే లేరు కాబట్టి శిక్ష ఉత్తర్వును సవరించమని 2023 మేలో మోషన్ (కోర్టుకు అర్జీ) వేశాను. విచారణ రోజు ప్రాసిక్యూటర్ లేచి, ఆ కంపెనీకీ ఈ దుకాణానికీ సంబంధం లేదని చూపించారు. మన దుకాణం ఒక వ్యక్తి సొంత వ్యాపారం. పేర్లు దగ్గరగా ఉన్నాయంతే. బాధితుల తరఫున ఎవరినీ సంప్రదించకుండా ఇలాంటి ఉత్తర్వు ఇవ్వలేనని జడ్జి కొట్టేశారు, మళ్ళీ వేసుకునే వీలు మాత్రం ఉంచారు.

డాకెట్ దగ్గర చేసిన తప్పునే మళ్ళీ చేశాను. తెర మీద కనిపించినదాన్ని నాకు కావలసినట్టు చదువుకున్నాను. ఆమె ఆ రోజు పని మానుకుని, ఇస్త్రీ చేసిన నీలం గౌను వేసుకుని వచ్చింది. ఆ రోజు కూలి పోయింది.

పోయిన 1,824 డాలర్లు

ఓడిన తర్వాత ఆమెతో తీరిగ్గా కూర్చున్నాను. మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అప్పుడు అడిగాను. "ఈ డబ్బులో ఎప్పుడైనా ఏమైనా కట్టారా?" ఆమె వింతగా చూసింది. "నెలనెలా కట్టాను కదా. ప్రొబేషన్ ఆఫీసరు దగ్గరికి మనీ ఆర్డర్ తీసుకెళ్ళేదాన్ని."

కోర్టు రికార్డులో సున్నా అని చూసి, ఆమె కట్టలేదనే నేను ఖాయం చేసుకున్నాను. రాష్ట్ర ప్రొబేషన్ మీద ఉన్నవాళ్ళ నష్టపరిహారం చాలాసార్లు క్లర్కు చేతి మీదుగా పోదు. జైళ్ళు, ప్రొబేషన్ చూసే కరెక్షన్స్ శాఖ వసూలు చేసి, పైన కొంత సర్‌ఛార్జి తీసుకుని, బాధితులకు పంపిస్తుంది. క్లర్కు పుస్తకానికి ఆ సంగతే తెలియదు. ఆ శాఖకు రికార్డుల అభ్యర్థన పెట్టాం. ఆగస్టులో లెడ్జరు వచ్చింది. దాదాపు ఏడాదిన్నర పాటు, ఒక నెల నూరు, ఒక నెల నూట ఇరవై, ఒక నెల అరవై. మొత్తం 1,824. జైలుకు వెళ్ళిన నెల ముందు దాకా ఉంది వరస.

మిగిలింది 1,016. ఆ లెడ్జరు కాపీ చూసి ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను దొంగనే. కానీ కట్టాను" అంది. ఇరవై నాలుగేళ్ళుగా ఆ రెండో వాక్యానికి కాగితం లేదు.

దుకాణం ఆయన భార్య

దుకాణం యజమాని చనిపోయి చాలా ఏళ్ళయింది. వీలునామాల పని తెలిసిన దాన్ని కాబట్టి ఈసారి నా దారిలోనే వెతికాను. కోర్టులో ప్రొబేట్ (చనిపోయినవాళ్ళ ఆస్తి వ్యవహారాల) ఫైలు ఉంది. ఎస్టేటు బాధ్యత ఆయన భార్యకు అప్పగించారు, వారసురాలూ ఆమే. సమ్మతి ఇవ్వగల మనిషి ఉంది, బతికే ఉంది.

క్లయింటు తనే ఉత్తరం రాస్తానంది. క్షమాపణ చెప్పుకోవాలని ఉందంది. వద్దన్నాను. ఆమె బాధపడింది, నేను పట్టు వదల్లేదు. ఎందుకంటే, పాతికేళ్ళ తర్వాత ఒకరోజు పోస్టులో తనను మోసం చేసిన మనిషి ఉత్తరం వస్తే ఆ పెద్దావిడకు ఎలా ఉంటుందో మనకు తెలియదు. పైగా క్షమాపణా, సంతకం అడగడమూ ఒకే కవరులో వెళ్తే క్షమాపణ విలువ పోతుంది. ప్రాసిక్యూటర్ ఆఫీసులో బాధితులకు సాయపడే ఉద్యోగిని ఉంటారు. ఆమె ద్వారా ఒక పేజీ పంపాం. కట్టినదెంత, మిగిలినదెంత, ఎందుకు అడుగుతున్నాం అన్న మూడు సంగతులు. ఒప్పుకోవచ్చు, అభ్యంతరం చెప్పొచ్చు, జవాబే ఇవ్వకపోవచ్చు, ఏదైనా ఆవిడ ఇష్టం అని రాశాం. జాలి పుట్టించే మాట ఒక్కటీ లేకుండా నాలుగుసార్లు తిరగరాశాను.

రెండు నెలలు ఏ కబురూ లేదు. గుర్తు చేద్దామా అని ఆ ఉద్యోగిని నన్ను అడిగారు. వద్దన్నాను. ఆ మౌనమే ఆవిడ జవాబైతే దాన్నీ గౌరవించాలి. అప్పుడు మిగిలిన 1,016 క్లర్కు ద్వారా కట్టించే ఏర్పాటు మొదలుపెట్టాలి. గంటకు పద్నాలుగు డాలర్ల జీతంలో అదెంత కాలం పడుతుందో లెక్క వేసి పెట్టుకున్నాను. ఫ్లోరిడాలో ఇలాంటి బాకీలకు సాయం చేసే నిధులున్నాయి, వాటి ఫారం కూడా సిద్ధం చేశాను.

2024 ఫిబ్రవరిలో కవరొకటి వచ్చింది. నోటరీ చేసిన సమ్మతి పత్రం. ఉత్తరం ముక్క లేదు, ఒక్క మాట లేదు. సంతకం మాత్రం ఉంది, వణికిన చేతిది.

మిగిలిన డబ్బు ఎలాగైనా ఇచ్చేస్తానని మా క్లయింటు అంది. ఆ తర్వాత ఇచ్చిందా లేదా అన్నది రాయొద్దంది కాబట్టి రాయడం లేదు.

ఉత్తర్వులో ఏం రాయించాం

ఏప్రిల్‌లో రెండో విచారణ ఆరు నిమిషాల్లో అయిపోయింది. ప్రాసిక్యూటర్ అభ్యంతరం లేదన్నారు. అసలు పని అంతకుముందే ఉత్తర్వు ముసాయిదా రాయడంలో జరిగింది. 1,824 కట్టినట్టు కోర్టు నిర్ధారిస్తోందని మొదట రాశాను. డబ్బు రావాల్సినవాళ్ళ సమ్మతితో మిగిలిన బాధ్యత రద్దవుతోందని తర్వాత. ఆ షరతు ఇక అక్కర్లేకుండా మొదటి శిక్ష ఉత్తర్వునే సవరిస్తున్నామని చివర. రద్దు ఒక్కటీ సరిపోదా అని కుర్రాడు అడిగాడు. సరిపోవచ్చు. అయితే ఎస్టేటు తరఫున ఇచ్చిన సమ్మతి చెల్లదని రేపెవరైనా అంటే సవరణ నిలబడాలి. సవరణను ఇరుకుగా చదివితే రద్దు నిలబడాలి. లీన్ తీరినట్టు భూరికార్డుల్లో కూడా ఎక్కించాం.

ఇక కార్డు. 2019 నమోదు అలాగే ఉంది. దాంతోనే ఓటేయొచ్చు కదా అని ఆమె అడిగింది. నేను కొత్తగా ఫారం నింపించాను. 2019లో చేసిన ప్రమాణం అప్పటి కొత్త చట్టం లెక్కలో నిజం కాదు. ఇప్పుడు చేసేది నిజం. ఓటు ఆ నిజమైన ప్రమాణం మీద నిలబడాలి. రెండు కేసుల కాగితాలూ జతచేసి రాష్ట్ర ఎన్నికల విభాగం నుంచి రాతపూర్వక సలహా కూడా అడిగాం. అలాంటి సలహాను నమ్మి నడుచుకున్నవాళ్ళకు క్రిమినల్ కేసు నుంచి రక్షణ ఉంది.

కొత్త కార్డు వచ్చిన రోజు మళ్ళీ ఫోన్, మళ్ళీ భయం. 2023లో మారిన చట్టం వల్ల, ఈ కార్డు ఓటు వేసే అర్హతకు రుజువు కాదని దాని మీదే అచ్చువేస్తున్నారు. ఆ ఒక్క వాక్యం రెండేళ్ళ పనిని ఆమె మనసులో చెరిపేసింది. ముందే చెప్పి ఉండాల్సింది నేను. కార్డు ఇవ్వబోతున్నారని తెలుసు, దాని మీద ఏముంటుందో తెలుసు, చెప్పాలన్న ఆలోచన రాలేదు.

ఈ కేసు తర్వాత నా పని తీరు

ఇప్పుడు ఇలాంటి కేసు వస్తే సర్టిఫైడ్ కాపీలు చేతికొచ్చేదాకా మంచి మాటా చెప్పను, చెడ్డ మాటా చెప్పను. మొదటి ఉత్తర్వు చూశాక, తర్వాత ప్రొబేషన్ తప్పిన ఉత్తర్వు ఏదైనా ఉందా అని విడిగా అడుగుతాను. క్లర్కు రికార్డు, కరెక్షన్స్ లెడ్జరు, వసూలు కంపెనీ లెక్క మూడూ పక్కపక్కన పెట్టి చూస్తాను. వాటిలో ఏ ఒక్కటీ మొత్తం కథ చెప్పదు. అన్నిటికన్నా ముందు క్లయింటును అడుగుతాను. ఆమె నెలనెలా మనీ ఆర్డర్ కట్టిన సంగతి తెలుసుకోవడానికి నాకు పది నెలలు పట్టింది. రికార్డును నమ్మి మనిషిని అడగకపోవడం వల్ల పట్టిన కాలం అది.

బాధితుల సంగతి కూడా. ఓటు హక్కు పని చేసేవాళ్ళం ఒక్కోసారి వాళ్ళను అడ్డంకిగా చూస్తాం. మొదటి మోషన్‌లో నేను చేసిందదే, ఎవరూ లేరని తేలిస్తే బాగుండునని వెతికాను. ఉన్న మనిషిని మర్యాదగా అడిగినప్పుడే దారి దొరికింది.

అక్టోబరు చివర్లో, ముందస్తు ఓటింగ్ రోజుల్లో ఆమె వెళ్ళింది. మిల్టన్ తుఫాను దాటి మూడు వారాలు కాలేదు, రోడ్ల పక్కన విరిగిన కొమ్మల గుట్టలు ఇంకా అలాగే ఉన్నాయి. నేను వెంట వెళ్ళలేదు, తోడు అక్కర్లేదంది. జడ్జి ఉత్తర్వు కాపీని నాలుగు మడతలు పెట్టి పర్సులో పెట్టుకుంది. నీలం గౌనే వేసుకుంది. లోపల డ్రైవింగ్ లైసెన్సు అడిగారు, సంతకం చేయించుకున్నారు, బ్యాలెట్ ఇచ్చారు. పది నిమిషాలు.

సాయంత్రం ఫోన్ చేసి, "కాగితం ఎవరూ అడగలేదు" అంది. ఆమె గొంతులో కాస్త నిరాశ ఉన్నట్టనిపించింది. ఆ ఉత్తర్వు ఇప్పటికీ ఆమె పర్సులోనే ఉంది.